అంబాసిడర్ పసుపు వెలుగు

రాత్రిపూట ఊరి చివర మలుపు దగ్గర చింతచెట్ల మీద వెలుగు పడగానే, వచ్చేది లారీయా, కారా అని అరుగు మీద కూర్చున్నవాళ్ళు చూడకుండానే చెప్పేసేవాళ్ళు. లారీ వెలుగు ఎత్తున ఉండేది. అంబాసిడర్‌ది కిందుగా, గుండ్రంగా, పండిన నిమ్మకాయ రంగులో ఉండేది. బండి నెమ్మదిస్తే వెలుగు కూడా కుంగేది. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కగానే మళ్ళీ లేచేది.

ఆ పసుపంటే ప్రాణం పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకి నచ్చని మాటొకటి చెప్పాలి. అందులో సగం పసుపు బల్బుది కాదు, రోగానిది. ఫిలమెంటుకి నిండా వోల్టేజి అందితే తెల్లగా వెలుగుతుంది. తగ్గేకొద్దీ పసుపెక్కుతుంది, ఇంకా తగ్గితే నిప్పుకణికలా ఎర్రబడుతుంది. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర ఉన్న వోల్టేజి బల్బు దగ్గరికి వచ్చేసరికి పదిన్నరకు పడిపోయేది. మధ్యలోని రెండు వోల్టులనూ స్విచ్చీ, డిమ్మరూ, తుప్పు పట్టిన జాయింట్లూ పంచుకు తినేవి. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్ఫై శాతం తగ్గుతుంది. పదిన్నరకు పడితే మిగిలేది సగమే.

1958 నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన ఈ బండికి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. కరెంటు సామానంతా లూకాస్ అనే ఇంగ్లండు కంపెనీ పద్ధతిలోదే. 1961లో మద్రాసు పాడిలో లూకాస్-టీవీఎస్ పెట్టాక డైనమోలు, సెల్ఫ్ మోటార్లు ఇక్కడే తయారయ్యాయి. ప్రతి ఊళ్ళోనూ బస్టాండు పక్కన 'సెల్ఫ్ అండ్ డైనమో వర్క్స్' అని చేత్తో రాసిన బోర్డు ఒకటి ఉండేది. లోపల టంకం వాసన, యాసిడ్ పొగ, గోడకి వేలాడే ఆర్మేచర్లు (డైనమో లోపల తిరిగే రాగి చుట్ల ముక్కలు), బల్ల మీద టెస్టు బల్బు.

లైట్ల రోగం పట్టుకోవడం ఆ టెస్టు బల్బుతోనే మొదలుపెడదాం. ఇప్పటివాళ్ళ చేతిలో మల్టీమీటరు ఉంటుంది, అది ఉండాల్సిందే. కానీ లైట్ల పని దగ్గర అదొక్కటే ఉంటే మోసపోతారు. తుప్పు పట్టిన జాయింటు కొసకి మాత్రమే తాకుతున్నా, లోడు లేనప్పుడు మీటరు దర్జాగా పన్నెండు చూపిస్తుంది. అదే చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు టంకం పెట్టి, చివర క్లిప్పులు తగిలించి పెట్టి చూడండి. దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, ఆ తుప్పు జాయింటు అంత కరెంటు ఇవ్వలేక బల్బు గుడ్డిగా వెలుగుతుంది. పాతకాలం ఎలక్ట్రీషియన్లు మీటరు కొనలేక బల్బు వాడారనుకుంటారు గానీ, ఈ పనికి బల్బే సరైన పనిముట్టు.

ఇక రీస్టోర్ చేసిన బండి సంగతి. డెంటింగ్, పెయింటింగ్ అయి, క్రోమ్ తళతళలాడుతూ, కొత్త వైరింగ్‌తో బయటికొస్తుంది. లైట్లు మాత్రం షెడ్డుకి వెళ్ళేముందే నయం అనిపిస్తాయి. తప్పు వైరింగ్‌ది అనుకుని మళ్ళీ విప్పుతారు. చాలాసార్లు తప్పు పెయింటుది. ఈ బళ్ళలో లైటుకి కరెంటు తీసుకెళ్ళేది ఒక వైరు, తిరిగి బ్యాటరీకి తెచ్చేది బాడీ రేకు, ఈ తిరుగుదారినే ఎర్త్ అంటారు. లాంపు బిగించే స్క్రూ, వాషరు, ఫెండరు రేకు, బాడీ బోల్టు అన్నీ కరెంటు దారే. వాటి మధ్య ప్రైమరు, రెండు కోట్ల పెయింటు, పైన లక్క పూశారంటే తీగ తెంపేసినట్టే. కొత్త రబ్బరు గ్యాస్కెట్ కింద పెడితే మరీ మంచిది, ఇంక ఇనుముకీ ఇనుముకీ మాటలే ఉండవు. ముప్ఫై ఏళ్ళ తుప్పులో కూడా ఎక్కడో ఒక మూల రేకు రేకుని తాకుతూ ఉండేది. అందుకే పాత బండి వెలిగింది, కొత్త పెయింటు బండి వెలగదు.

ఎర్త్ పోయిన లైట్ల వేషాలు చూస్తే నవ్వొస్తుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలుగుతుంది. ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా దాంతోపాటు కన్ను కొడుతుంది. పార్కింగ్ లైట్లు వేశాక బ్రేకు తొక్కితే ఒక పక్క లైటు పెరగాల్సింది పోయి తగ్గుతుంది. బ్రేకు ఫిలమెంటులోంచి దిగిన కరెంటుకి రేకులోకి దారి దొరక్క, అదే బల్బులోని టెయిల్ ఫిలమెంటులోకి ఎదురెక్కి, టెయిల్ లైట్ల ఎర్ర వైరు పట్టుకుని అవతలి పక్క లాంపులోంచి ఎర్తుకి చేరుతుంది. ఇలా రెండు లైట్లు ఒకదాని పని ఇంకొకటి చేస్తుంటే స్విచ్ జోలికి వెళ్ళొద్దు. ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ ఎర్త్ పోలుకి, రెండో కొస బల్బు హోల్డరు అంచుకి ఆనించండి. లైటు సరైపోతే రోగం దొరికినట్టే.

వైద్యం కూడా చిన్నదే. స్క్రూ కూర్చునే చోట, కనబడని లోపలి వైపు, రూపాయి బిళ్ళంత మేర పెయింటు గీకి మెరిసే ఇనుము తేల్చాలి. పళ్ళున్న స్టార్ వాషరు వేసి బిగించాలి. బిగించాక, ముందు కాదు, పైన వాసెలిన్ దట్టంగా పూయాలి. గీకడానికి మనసొప్పకపోతే అంతకన్నా మంచి దారి ఉంది. ప్రతి లాంపు గిన్నె నుంచీ ఒక నల్ల వైరు, 2 చదరపు మిల్లీమీటర్లది, ముందు వైపువన్నీ ఒక బోల్టుకి, వెనక వైపువన్నీ డిక్కీలో ఒక బోల్టుకి తెచ్చి కట్టేయడం. హోల్డరు లాంపు గిన్నెకి రివిట్ కొట్టి ఉంటుంది, ఆ రివిట్ కింద చిలుము పడుతుంది. కాబట్టి ఎర్త్ వైరుని గిన్నెకి కాకుండా హోల్డరుకే టంకం పెడితే ఆ గొడవా పోతుంది.

ఇంజనుకీ బాడీకీ మధ్య అల్లిక పట్టీ ఒకటుంటుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీయే దాని ఎర్త్. ఇంజను దింపి ఎక్కించినప్పుడు మెకానిక్ మరిచిపోయేది సరిగ్గా దాన్నే. సెల్ఫ్ కొట్టగానే చోక్ కేబులు వేడెక్కి పొగ వచ్చిందంటే, వందకు పైగా ఆంపియర్లు ఆ సన్నటి కేబులు పట్టుకుని ఇంటికెళ్తున్నాయన్నమాట. వెంటనే ఆపండి, లేకపోతే కేబులు దాని గొట్టానికే అతుక్కుపోతుంది.

హెడ్‌లైట్ల వోల్టేజి ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఓపిక పని. అయినా గంటలో అయిపోతుంది. బ్యాటరీ నిండా చార్జి చేసి, ఇంజను ఆపి, హై బీమ్ వేసి ఉంచాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ లైవ్ పోలు మీద పెట్టేసి, రెండో ముల్లుతో దారి పొడుగునా నడవాలి. డైనమో కరెంటుని అదుపు చేసే కటౌట్ పెట్టె మీది ఏ-1 టెర్మినల్, లైట్ స్విచ్‌కి కరెంటు వచ్చే కొస, పోయే కొస, హై, లో మార్చే కాలి డిమ్మరుకి కూడా వచ్చే కొస, పోయే కొస, గ్రిల్ దగ్గరి బుల్లెట్ జాయింట్లు, చివరికి బల్బు వెనక సాకెట్టు. మీటరు చూపించేది అక్కడిదాకా పోగొట్టుకున్న వోల్టేజి. మొత్తం అర వోల్టు దాటకూడదు. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా ఎగిరిందో దొంగ అక్కడే ఉన్నాడు. తర్వాత ముల్లు మార్చి, బ్యాటరీ ఎర్త్ పోలు నుంచి బల్బు ఎర్త్ దాకా ఇలాగే చూడాలి. అక్కడ 0.2 దాటితే బాగుచేయాలి.

తొంభై పాళ్ళు ఆ దొంగ కాలి డిమ్మరే. క్లచ్ పెడల్‌కి ఎడమ పక్కన నేల మీద ఉండే ఆ గుండు మీట గుర్తుందా? ఎదురుగా బండి వస్తే డ్రైవరు ఎడమ కాలు తనంతట తానే దాని మీదికి వెళ్ళేది, 'టక్' అని చప్పుడు. వాన చెప్పులు, ఎర్రమట్టి, కార్పెట్ కింద తడి అన్నీ దాని నెత్తినే. లోపలి ఇత్తడి పలకకి చిలుము పట్టి వేడెక్కుతుంది. లైట్లు వేసి పది నిమిషాలయ్యాక కింద నుంచి చేయి పెట్టి చూస్తే చురుక్కుమంటే మార్చేయండి. కొత్తది దొరికేదాకా కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్ఫై నలభై సార్లు తొక్కితే కొంతకాలం నడుస్తుంది. బుల్లెట్ జాయింట్లు కూడా అంతే. ఆ రబ్బరు గొట్టంలోని ఇత్తడి తొడుగు వదులైతే బుల్లెట్ అందులో ఊగుతుంది. పాత తొడుగుని నొక్కి బిగించడం కంటే కొత్త తొడుగు వేయడం మేలు.

వైరు మందం దగ్గర పొదుపు చేయొద్దు. హెడ్‌లైట్ల ఉమ్మడి వైరు 28 పోగులది, అంటే 2 చదరపు మిల్లీమీటర్లు. టెయిల్, పార్కింగ్ లైట్లకి 14 పోగులది, 1 చదరపు మిల్లీమీటరు, చాలు. బ్యాటరీ నుంచి కటౌట్ పెట్టెకి వచ్చేది 44 పోగులకి తగ్గకూడదు. సందు గొందుల్లో దొరికే చవక వైరింగ్ సెట్లలో అన్నిటికీ ఒకటే సన్న వైరు, రంగులూ ఇష్టం వచ్చినట్టు. లూకాస్ రంగులకి ఒక లెక్క ఉంది. గోధుమరంగు ఎప్పుడూ లైవ్. తెలుపు తాళం తిప్పితే లైవ్. ఆకుపచ్చ తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లకి, అందులో తెల్ల గీత ఉంటే హై, ఎర్ర గీత ఉంటే లో. ఎర్రది పార్కింగ్, టెయిల్. ఆకుపచ్చ మీద ఊదా గీత బ్రేకు లైటు. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటరు, తెల్ల గీత కుడిది. నలుపు ఎర్త్. ఈ లెక్క తప్పి వైరింగ్ చేసినవాడు తర్వాతి మెకానిక్‌కి శత్రువు.

హాలోజన్ వేయాలనే కోరిక అందరికీ ఉంటుంది. పాత బల్బు 45/40 వాట్లు. రెండూ కలిపి హై బీమ్‌లో ఏడున్నర ఆంపియర్లు. హెచ్-4 అనే హాలోజన్ బల్బు 60/55, అంటే పది. పాత స్విచ్ దాన్ని మోయలేదని కాదు గానీ ఎంతోకాలం మోయదు. అందుకని రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు), ఒకటి హై, ఒకటి లో, 12 వోల్టుల 30 ఆంపియర్లవి. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు దాటించి 30 నంబరు కాలికి. 87 నుంచి బల్బులకి. 85 ఎర్తుకి. పాత నీలం-తెలుపు వైరు వచ్చి హై రిలే 86కి, నీలం-ఎరుపు వచ్చి లో రిలే 86కి. ఇప్పుడు పాత స్విచ్చీ డిమ్మరూ మోసేది ఆంపియర్‌లో ఐదోవంతు. పాత 45/40 బల్బులే ఉంచుకుని ఈ రిలేలు వేసినా వెలుగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో సంగతి, లూకాస్ వాళ్ళు హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే ఇవ్వలేదు. కారణం సబబే, రాత్రి ఎనభైలో పోతుండగా ఫ్యూజు పోయి చీకటైపోకూడదని. కానీ అరవై ఏళ్ళ రబ్బరు తొడుగు వైరు గ్రిల్ రేకుకి ఒరుసుకుంటే మంటే. రెండు రిలేలకీ వేర్వేరు ఫ్యూజులు పెడితే ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

ఒకప్పుడు హైవే బళ్ళకి 100/90 బల్బులు వేసేవాళ్ళు. లెక్క చూడండి. రెండు వందల వాట్లు, దాదాపు పదిహేడు ఆంపియర్లు. టెయిల్, పార్కింగ్, మీటరు లైట్లకి రెండున్నర. ఇగ్నిషన్ కాయిల్‌కి మూడు నాలుగు. వాన పడితే వైపరు. డైనమో చచ్చీచెడీ ఇచ్చేది 19 నుంచి 22. అంటే రాత్రంతా బ్యాటరీ నుంచి అప్పు చేసి నడపడమే, తెల్లారి సెల్ఫ్ తిరగదు. పైగా ఆ వేడికి రిఫ్లెక్టరు వెండిపూత నల్లబడి రేకులు లేచిపోతుంది.

డైనమో మాట వచ్చింది కాబట్టి. ఇంజను ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు లైట్లు కుంగడం రోగం కాదు, డైనమో స్వభావం. ఆ వేగంలో అది కరెంటు ఇవ్వదు, డాష్‌బోర్డు మీది ఎర్ర లైటు మినుకుమంటుంది. వేగం పెంచినా లేవకపోతే అప్పుడు అనుమానించాలి. డైనమో మీది రెండు వైర్లు, డి, ఎఫ్, తీసేసి ఆ రెండు టెర్మినళ్ళనీ ఒక వైరు ముక్కతో కలిపేయండి. మీటరు అక్కడి నుంచి డైనమో బాడీకి. ఇంజను వేగం మెల్లగా పెంచితే వోల్టేజి ఆగకుండా లేవాలి. ఇరవై దాటనివ్వొద్దు. అర వోల్టో ఒకటో చూపించి ఆగిపోతే తప్పు ఫీల్డ్ కాయిల్‌ది. నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచరు. అసలేమీ లేకపోతే ముందు కార్బన్ బ్రష్షులు చూడండి. డైనమో బాగుంటే తప్పు కటౌట్‌ది. ఆ నల్ల మూత కింద రెండు రకాల పాయింట్లుంటాయి. రెగ్యులేటర్ పాయింట్లని సన్న ఎమెరీతో రుద్దొచ్చు. కటౌట్ పాయింట్లు మెత్తటివి, వాటికి సన్న గాజు కాగితం తప్ప ఎమెరీ తగలనివ్వకూడదు. బల్బులు నెలకొకటి చొప్పున మాడిపోతూ బ్యాటరీ నీళ్ళు తొందరగా ఇగిరిపోతుంటే రెగ్యులేటరు వోల్టేజి ఎక్కువ వదులుతోందని అర్థం. బల్బు కంపెనీని తిట్టి లాభం లేదు.

వెనక లైట్లలో ఇంకో రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి. 21/5 వాట్ల రెండు ఫిలమెంట్ల బల్బుకి పిన్నులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఒకే విధంగా పడాలి. బలవంతంగా తిప్పి పెడితే, లేదా రెండు వైర్లు తారుమారైతే, టెయిల్‌కి 21 వాట్లు వెలిగి బ్రేకుకి 5 వెలుగుతుంది. వెనక వచ్చేవాడికి బ్రేకు వేసిన సంగతే తెలియదు, ఎర్ర ప్లాస్టిక్ అద్దం వేడికి మెత్తబడుతుంది. రెండోది బ్రేకు లైటు స్విచ్. ఇది పెడల్ దగ్గర కాదు, బ్రేకు నూనె పైపులో ఉంటుంది, నూనె ఒత్తిడికి పనిచేస్తుంది. గట్టిగా తొక్కితే తప్ప లైటు రాదంటే దాని రెండు వైర్లూ కలిపి చూడండి. లైటు వెలిగితే స్విచ్ పోయింది. మార్చాక బ్రేకుల్లో గాలి తీయడం మరిచిపోవద్దు. నంబరు ప్లేటు లైటు డిక్కీ తీస్తే వెలిగి, వేస్తే ఆరిపోతోందా? డిక్కీ కీలు దగ్గర వంగి వంగి వైరు లోపల తెగి ఉంటుంది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు.

పాత మోరిస్ మైనర్లలో ఇండికేటర్లు లేవు. తలుపు పక్కన రేకులోంచి నారింజ రంగు చెయ్యి లేచి, మలుపు తిరిగాక పడుకునేది. పిల్లలంతా దాని కోసమే ఎదురు చూసేవాళ్ళు. అది లేవకపోతే నూటికి తొంభై సార్లు కీలు ఎండిపోయి ఉంటుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. లేచినా వెలగకపోతే లోపలి 3 వాట్ల సన్న బల్బు. అంతే.

ఫ్యూజు పదేపదే పోతుంటే డబ్బా ఫ్యూజులు ఖర్చు చేయకండి. పాతరోజుల్లో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్ళు. ఆ తెలివికి కాలిపోయిన బళ్ళకి లెక్కలేదు. ఫ్యూజు తీసి ఆ రెండు క్లిప్పుల మధ్య అదే 21 వాట్ల టెస్టు బల్బు పెట్టండి. షార్టు ఉంటే నిండుగా వెలుగుతుంది, కరెంటు మాత్రం రెండు ఆంపియర్లు దాటదు కాబట్టి ఏదీ కాలదు. ఇక తీరిగ్గా ఒక్కో వైరూ పీకుతూ, జాయింట్లు కదుపుతూ పొండి. ఏది పీకగానే బల్బు ఆరిందో షార్టు ఆ కొమ్మలో ఉంది. ఫ్యూజు కొనేటప్పుడూ ఒక మెలిక ఉంది. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, 35 దగ్గర తెగిపోతుందని అర్థం. ఎప్పుడూ మోసేది 17 మాత్రమే. ఇప్పటి ఫ్యూజు మీద 35 అంటే ఎప్పుడూ 35 మోస్తుందని. దాని బదులు 15 లేదా 20 వేయాలి.

ఎల్‌ఈడీ బల్బులు వేసేవాళ్ళు ముందు బ్యాటరీ చూసుకోవాలి. ఆ కాలం బ్రిటిష్ డిజైన్లలో పాజిటివ్ ఎర్త్ మామూలు, ఎర్ర పోలు బాడీకి కట్టి ఉంటుంది. మామూలు బల్బుకి అటైనా ఇటైనా ఒకటే. ఎల్‌ఈడీ తిరగబడితే వెలగదు. ఇండికేటర్లకి వేస్తే ఇంకో తంటా. వేడికి పనిచేసే పాత ఫ్లాషరుకి 42 వాట్ల లోడు కావాలి, లేకపోతే 'టిక్కు టిక్కు' అనడం మానేస్తుంది. ఆ చప్పుడు లేని అంబాసిడర్‌లో కూర్చోవడం దండగ.

అన్నీ అయ్యాక బీమ్ దిద్దుకోవాలి. ముందు లెన్సు చూడండి. విదేశం నుంచి తెప్పించిన హెచ్-4 లెన్సు కుడివైపు నడిచే దేశాలదైతే వెలుగు కుడికి ఎగసి, ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది. మనకి ఎడమకి ఎగసేది కావాలి. కొన్ని పాత అద్దాల పై సగం మీద నల్ల పెయింటు ఇంకా కనిపిస్తుంది, 1971 యుద్ధం నాటి బ్లాకౌట్ గుర్తు కావచ్చు, తర్వాతి రోజుల్లో కళ్ళు చెదరకుండా పూసింది కావచ్చు. ఎలాగైనా బ్లేడుతో తీసేయండి, అద్దం మళ్ళీ మెరుస్తుంది. లోపలి రిఫ్లెక్టరుని మాత్రం గుడ్డతో తుడవొద్దు.

చదునైన నేల, ఎదురుగా గోడ, మధ్యన 25 అడుగులు. టైర్లలో గాలి సరిగ్గా, డ్రైవరు సీట్లో ఒక మనిషి. హెడ్‌లైటు మధ్య భాగం నేల నుంచి ఎంతెత్తో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో అడ్డగీత గీయండి. లో బీమ్ వేసి, ఒక లైటుకి గోనెగుడ్డ కప్పి, రెండోదానికి పైభాగాన ఉన్న స్క్రూ తిప్పండి. వెలుగు పై అంచు ఆ సుద్దగీతకి మూడంగుళాలు కింద ఆగాలి. ఆగాక గుడ్డ మార్చండి.